షెల్టర్‌లో సాయం చేయాలంటే: బిర్యానీ సంగతి తర్వాత, ముందు ఒక రోజు ఎంచుకోండి

"మా బాబు పుట్టినరోజండి. ఆదివారం మధ్యాహ్నం 50 బిర్యానీ ప్యాకెట్లు తెస్తాం, పెట్టొచ్చా?"

రాజమండ్రిలో ఒక నిరాశ్రయుల షెల్టర్‌కి నేను ప్రతి మంగళవారం రాత్రి వెళ్తానని తెలిసినవాళ్ళు మొదట అడిగేది ఇదే. పెట్టొచ్చండి. కాకపోతే ఆ ఆదివారానికి మీకంటే ముందు ఇద్దరు చెప్పి ఉంటారు. సంక్రాంతి, ఆగస్టు 15, కార్తీక మాసం, ఎవరింట్లోనో సంవత్సరీకం... ఆ రోజుల్లో లోపల ఉన్నవాళ్ళకి ఒక్క పూటకే మూడు భోజనాలు వస్తాయి. అదే వాన కురుస్తున్న మంగళవారం రాత్రి అయితే కేర్‌టేకర్ ఒక్కడే గరిటె పట్టుకుని, మధ్యలో తలుపు తీసి, ఎవరికో జ్వరం మాత్ర వెతికిచ్చి, మళ్ళీ వచ్చి చారు వడ్డిస్తుంటాడు.

డొక్కా సీతమ్మ గారు పుట్టిన సీమ ఇది. లంకల గన్నవరంలో ఆవిడ గడప తొక్కిన ఎవరినీ ఆకలితో పంపలేదని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. కాబట్టి అన్నం పెట్టేవాళ్ళకి ఇక్కడ కొదవ లేదు. ఆవిడ వేళాపాళా చూడకుండా పెట్టారు, మనం మన క్యాలెండర్ చూసుకుని పెడుతున్నాం. షెల్టర్‌కి కావలసింది వారానికి ఒక రాత్రి, రెండు గంటలు, చెప్పిన టైముకి వచ్చే మనిషి. అది ఎలా చేయాలో అడిగినవాళ్ళందరికీ ఫోన్లో చెప్పి చెప్పి, ఇప్పుడు రాసి పెడుతున్నాను.

ముందు ఇవి సిద్ధం చేసుకోండి

- మీ ఆధార్ జిరాక్సు, ఫోన్ నంబరు (రిజిస్టర్‌లో రాసుకుంటారు)
- తడిసినా ఫరవాలేని బట్టలు, జారని చెప్పులు
- చిన్న నోట్‌బుక్, పెన్ను
- సబ్బు, చేతి తువ్వాలు
- ఇంట్లోవాళ్ళ ఒప్పుదల. నవ్వకండి, మూడో వారానికే మానేసేవాళ్ళలో సగం మంది ఇది లేకే మానేస్తారు.

డబ్బు ఈ జాబితాలో లేదు. బంగారం, ఖరీదైన వాచీ ఇంట్లోనే పెట్టి రండి. దొంగతనం అవుతుందని కాదు. ఒకవేళ మీ ఉంగరం ఎక్కడో జారిపోతే ఆ రాత్రి 40 మంది మీద అనుమానం పడుతుంది.

1. ఊళ్ళో షెల్టర్ ఎక్కడుందో కనుక్కోండి

మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) విభాగం ఎక్కడని అడగండి. పట్టణ నిరాశ్రయుల వసతి గృహాలు వాళ్ళ కిందకి వస్తాయి, నడిపేది ఎక్కువగా ఏదో ఒక స్వచ్ఛంద సంస్థ. కేంద్ర పథకం లెక్క ప్రకారం లక్ష జనాభాకి 100 మంది పట్టే షెల్టర్ ఒకటి ఉండాలి, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలి. మీ ఊళ్ళో లేకపోతే అడగడం కూడా సేవే.

ఇది వృద్ధాశ్రమం కాదు, అనాథాశ్రమం కాదు. ఇక్కడ ఉన్నవాళ్ళలో చాలామంది పొద్దున్నే లేచి పనికి వెళ్తారు. మూటలు మోసేవాళ్ళు, హోటల్లో గిన్నెలు తోమేవాళ్ళు, క్యాటరింగ్‌కి వెళ్ళేవాళ్ళు. మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్ళి "ఎవరూ లేరే" అని తిరిగి రావద్దు.

ఇంకో మాట. "నేను వాలంటీర్‌నండి" అని పరిచయం చేసుకోకండి. మన రాష్ట్రంలో ఆ మాటకి ఇంటింటికీ పింఛన్లు పంచిన ప్రభుత్వ వాలంటీరు అనే ఇంకో అర్థం స్థిరపడిపోయింది. నేను మొదటిరోజు అలా చెప్పి, పింఛన్ ఎందుకు ఆగిపోయిందో నలుగురికి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది.

2. మొదటిసారి ఖాళీ చేతులతో వెళ్ళండి

పళ్ళు, బ్రెడ్డు, ఏమీ వద్దు. చేతిలో సంచి ఉంటే అందరూ సంచినే చూస్తారు. మేనేజర్‌ని మూడే ప్రశ్నలు అడగండి: ఏ రోజు ఎవరూ రారు? ఏ పనికి మనిషి లేడు? ఏ వస్తువు ఎక్కువై మూల పడి ఉంది?

మూడో ప్రశ్నకి వచ్చే జవాబు చూసి ఆశ్చర్యపోతారు. మా దగ్గర పాత చీరలు మూటలు మూటలుగా ఉంటాయి. లుంగీలు ఉండవు. కొత్త డ్రాయర్లు, బనియన్లు ఉండవు. హవాయి చెప్పులు 8, 9 నంబర్లు ఎప్పుడూ తక్కువే. దగ్గరి చూపు కళ్ళజోళ్ళు, ప్లస్ రెండు, రెండున్నర పవర్‌వి, అరడజను తెచ్చిపెడితే ఒక్కరోజులో అయిపోతాయి. మీ పుట్టినరోజు డబ్బు ఇక్కడ పెట్టండి.

3. ఒక రోజు, ఒక టైము ఖాయం చేసుకోండి

రాత్రి 7 నుంచి 9 మంచి వేళ. జనం తిరిగొచ్చే టైము, భోజనాల టైము అదే. మొదట మూడు నెలలకి మాట ఇవ్వండి, "వీలైనప్పుడల్లా వస్తాను" అనొద్దు. రాలేని రోజు మధ్యాహ్నంలోపే ఫోన్ చేసి చెప్పండి.

రాత్రి కుదరనివాళ్ళకి వేరే పనులున్నాయి. ఉదయం ఒకరిని ఆసుపత్రికి తీసుకెళ్ళి ఓపీ చీటీ రాయించి, వరుసలో నిలబడి తీసుకురావడం అన్నిటికంటే పెద్ద సాయం. దానికి అరపూట పడుతుంది. రిటైరైనవాళ్ళకి సరిగ్గా సరిపోయే పని.

4. పిలుపు, చూపు, సంచి

"తాతా", "ఏయ్ అవ్వా" అనొద్దు. తాతగారూ, మామ్మగారూ. గడ్డం నెరిసింది కదా అని అందరూ తాతలు కారు, రోడ్డు మీద బతికిన మనిషి 45 ఏళ్ళకే 60లా కనిపిస్తాడు. అనుమానంగా ఉంటే "బాబాయ్‌గారూ" అనండి, లేదా పేరు అడిగి పేరుకి గారు చేర్చండి. గారు అన్న మొదటిరోజు కొందరు మీ వెనకాల ఎవరున్నారా అని తిరిగి చూస్తారు.

"ఇల్లు ఎందుకు వదిలి వచ్చారు?" అని అడగకండి. చెప్పాలనిపిస్తే ఆరో వారమో, పదో వారమో వాళ్ళే చెప్తారు. కూర ఎలా ఉంది, గోదావరి పెరిగిందా, రైలు లేటా, ఇలాంటివి చాలు.

ఫొటోలు వద్దు. వెనక నుంచీ వద్దు, ముఖం కనిపించకుండా అయినా వద్దు. ఇంట్లో కొట్టే భర్త నుంచి తప్పించుకుని వచ్చిన అమ్మాయిని ఆమె చీర చూసి కూడా గుర్తుపట్టేస్తారు.

సంచుల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆ తప్పు చేసింది నేనే. రెండో వారమో మూడో వారమో ఊడుస్తున్నాను. ఒక పెద్దాయన మంచం కింద నల్ల ప్లాస్టిక్ కవరు, జిడ్డు పట్టి, పురికొసతో ముడి వేసి ఉంది. చెత్త అనుకుని చీపురుతో లాగి బయట డబ్బాలో వేశాను. భోజనాలయ్యాక చూస్తే ఆయన నేల మీద మోకాళ్ళ మీద వంగి, మంచం కింద చేత్తో తడుముతున్నారు. ఎవరినీ ఏమీ అడగలేదు, తడుముతూనే ఉన్నారు. నాకు వెలిగి డబ్బా దగ్గరికి పరిగెత్తాను. అప్పటికే దాని మీద విస్తళ్ళు, చారు. కవరు విప్పితే ఒక పాత రైలు టికెట్టు, అద్దం ముక్క, చిరిగిన క్యాలెండర్ కాగితం మీద పెన్నుతో రాసిన ఫోన్ నంబరు. చారు తగిలి చివరి రెండు అంకెలు అలుక్కుపోయాయి. ఆ నంబరు ఆయన కూతురిదట.

అప్పటినుంచి మంచం మీదిది, కిందిది, తలకింది మూట, పుల్లముక్క అయినా సరే, అడగకుండా ముట్టుకోను. మీరూ ముట్టుకోకండి. కొత్తగా వచ్చినవాళ్ళ దగ్గర ఏ నంబరు ఉన్నా, వాళ్ళు ఒప్పుకుంటే, అదే రోజు రిజిస్టర్‌లో ఎక్కించమని మేనేజర్‌కి చెప్పండి.

5. వడ్డన

లెక్క: పనిచేసి వచ్చిన మనిషికి 150 గ్రాముల బియ్యం. 50 మందికి ఏడున్నర కిలోలు. పప్పుచారుకి కిలోన్నర కందిపప్పు. మన ఇళ్ళలో లెక్క 100 గ్రాములు, అదే వేస్తే చివరివాళ్ళకి గుండిగ గీకాలి.

వరసలో నిలబెట్టకండి, కూర్చోబెట్టండి. నీళ్ళు ముందు పెట్టండి. అన్నం పళ్ళెంలోకి పైనుంచి విసిరినట్టు వేయొద్దు, గరిటె కిందికి దించి వేయండి. ఒక రౌండు అయ్యాక ఖాళీ గిన్నె పట్టుకుని కాదు, నిండు గిన్నెతో మారు అడగండి. "మారు కావాలా?" అంటే మొహమాటపడి వద్దంటారు. "కొంచెం వేస్తానండి" అంటే "ఆయ్, వెయ్యండి" అంటారు.

పళ్ళు లేనివాళ్ళకి అన్నం మెత్తగా పిసికి, చారు ఎక్కువ పోసి విడిగా పెట్టండి. షుగరు ఉన్నవాళ్ళ పేర్లు గోడ మీద అతికించకండి, మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. స్వీటు వచ్చిన రోజు వాళ్ళకి ముందుగానే పండో, మజ్జిగో చేతిలో పెట్టేస్తే నలుగురిలో "నీకు వద్దు" అనే అవసరం రాదు.

నాలుగైదు రోజులు తిండి లేకుండా వచ్చినవాళ్ళ విషయంలో జాగ్రత్త. కడుపునిండా అన్నం పెట్టేస్తే ప్రమాదం. అర గ్లాసు పల్చటి జావ, కాసేపాగి ఇంకో అర గ్లాసు. మాట తడబడుతున్నా, నిలబడలేకపోతున్నా జావ కూడా ఆపి 108కి ఫోన్ చేయండి.

*ఫంక్షన్ హాల్ భోజనం.* రాత్రి పదకొండున్నరకి ఫోను: "పెళ్ళి భోజనాలు మిగిలాయండి, వచ్చి పట్టుకెళ్ళండి, పారబోయడం ఇష్టం లేదు." అలా వచ్చినదాన్ని తీసుకునే ముందు ఇలా చూడండి:

- ఎప్పుడు వండారో అడగండి. వండి నాలుగు గంటలు దాటి, పొయ్యి మీద వేడిగా ఉంచకపోతే వద్దనండి. మే నెలలో, వానాకాలం ఉక్కలో ఇంకా తక్కువ.
- గుండిగ పైన చేయి పెట్టి చూడటం కాదు, గరిటె అడుగు దాకా దించి మధ్యలో అన్నం పైకి తీయండి. ఆవిరి రావాలి. పైన వేడిగా, మధ్యలో గోరువెచ్చగా ఉందంటే లోపల పాడవుతున్నట్టే.
- జిగురు సాగితే, పుల్లటి వాసన వస్తే ఆలోచించక్కరలేదు. కానీ వాసన రాలేదు కదా అని మంచిదనుకోవద్దు.
- "మళ్ళీ వేడి చేసేద్దాం" అనే మాట వినకండి. గంటల తరబడి బయట ఉన్న అన్నంలో తయారయ్యే విషం వేడి చేసినా పోదు.
- చికెన్, పన్నీర్, పెరుగు పచ్చడి రాత్రి పదకొండు తర్వాత నేను అస్సలు తీసుకోను. పులిహోర అయితే కాస్త నయం, దానికీ టైము అడుగుతాను.
- విస్తట్లో వడ్డించి మిగిలింది ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

వద్దంటే వాళ్ళకి కోపం వస్తుంది. "అడుక్కునేవాళ్ళకి ఇన్ని షరతులా" అని నన్ను ముఖాన్నే అన్నారు. మీ ఇంట్లో పిల్లలకి పొద్దున్న పెడతారా అని అడిగాను. ఫోన్ పెట్టేశారు. మర్నాడు 30 మందికి విరేచనాలు అయితే అక్కడ మరుగుదొడ్లు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. అందుకే ఆ కోపం నేను భరిస్తాను.

6. గోళ్ళు, కాళ్ళు, దురద

నెలకోసారి మంగలిని పిలిపించి, అడిగినంత కూలి ఇచ్చి, క్షవరాలు చేయిస్తే షెల్టర్ ముఖమే మారిపోతుంది. గుండు కొట్టించేయమని మాత్రం చెప్పకండి, ఎవరికి ఎలా కావాలో వాళ్ళనే అడగమనండి. అద్దం ఉండాలి.

కాలిగోళ్ళు తీయాలంటే గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టండి. వేడి మీ మోచేత్తో చూడండి. షుగరు ఉన్నవాళ్ళలో కొందరికి అరికాళ్ళలో స్పర్శ ఉండదు, కాలినా తెలియదు. అందుకే వాళ్ళ కాళ్ళు నానబెట్టొద్దు, గోళ్ళు మీరు తీయొద్దు. పుండు కనిపిస్తే శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికే. పురుగు పట్టిన పుండులో కిరసనాయిలు పోసే పాత వైద్యం చేయకండి.

గజ్జి ఒకరికి వస్తే ఒకరికే మందు ఇవ్వడం అందరూ చేసే తప్పు. పక్క మంచాలవాళ్ళకీ, దురద లేకపోయినా, అదే రాత్రి రాయించాలి. డాక్టరు రాసిచ్చే పర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ళ దాకా, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద కూడా పట్టించి రాత్రంతా ఉంచాలి. వారం తర్వాత మళ్ళీ ఒకసారి. దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి. అది కుదరకపోతే ప్లాస్టిక్ సంచిలో కట్టి మూడు రోజులు పక్కన పెట్టేయండి. మందు రాశాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది. మందు పనిచేయలేదని ప్రతి రెండు రోజులకీ రాయకండి, చర్మం మండిపోతుంది.

రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా కళ్ళె పరీక్షకి పంపించండి. ప్రభుత్వాసుపత్రిలో పరీక్షా ఉచితం, టీబీ మందులూ ఉచితం.

7. కాగితాలు

ఇది విసుగు పుట్టించే పని. దీనివల్లే మనుషుల బతుకు మారుతుంది కూడా. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛన్ నెలకి 4,000 రూపాయలు. ఊరు వదిలి షెల్టర్‌కి చేరిన పెద్దవాళ్ళు ఒకటో తారీఖున ఇంటి దగ్గర లేక దాన్ని పోగొట్టుకుంటుంటారు. ముందుగా ఆధార్ ఉందా, పోయిందా, అసలు తీయించలేదా అని కనుక్కోండి. పోయినవాళ్ళని ఆధార్ కేంద్రానికి తీసుకెళ్తే వేలిముద్రలతో నంబరు బయటికి తీయొచ్చు. చిరునామా కోసం గుర్తింపు ఉన్న షెల్టర్ బాధ్యులు ఇచ్చే ధ్రువపత్రం పనికొస్తుంది, ఆ నమూనా కాగితం ముందే నింపి తీసుకెళ్ళండి. తర్వాత వార్డు సచివాలయం.

ఒక హెచ్చరిక. ఎవరి ఏటీఎం కార్డూ మీ దగ్గర పెట్టుకోకండి. పిన్ను, ఓటీపీ అడగకండి, వాళ్ళంతట వాళ్ళు చెప్పబోయినా ఆపండి. మీ ఖాతాలో డబ్బు వేయించుకుని తీసివ్వడం లాంటి ఉపకారాలు అస్సలు వద్దు. చేబదులు కూడా ఇవ్వకండి. వంద రూపాయలు తీసుకున్న మనిషి తీర్చలేక మరుసటి మంగళవారం మీకు కనబడకుండా బయట అరుగు మీద పడుకుంటాడు. నాకు అలా ఇద్దరు దూరమయ్యారు.

8. రాత్రి గట్టు మీదికి వెళ్ళేటప్పుడు

షెల్టర్‌కి రానివాళ్ళు పుష్కర ఘాట్ మెట్ల మీద, కోటిలింగాల రేవు దగ్గర, స్టేషన్ బయట, బస్సు కాంప్లెక్స్ పక్కన పడుకుంటారు. మొదటి మూడు నెలలు ఈ పనికి వెళ్ళకండి. వెళ్ళినా షెల్టర్ సిబ్బందితో కలిసి వెళ్ళండి, ఇద్దరికి తక్కువ వద్దు. ఆడవాళ్ళతో మాట్లాడేది ఆడవాళ్ళే.

పడుకున్న మనిషిని తట్టి లేపకండి. కాళ్ళవైపు నాలుగడుగుల దూరంలో నిలబడి పిలవండి. మొహం మీద టార్చి కొట్టకండి. లేచాక మీరూ కింద కూర్చోండి. "షెల్టర్ ఉందండి, మంచం ఉంది, సామాను పెట్టుకోవచ్చు" అని ఒకసారి చెప్పి, టీ ఇచ్చి వచ్చేయండి. రానంటే రానివ్వండి, వచ్చే వారం మళ్ళీ అడగండి. బలవంతంగా బండెక్కించినవాళ్ళు తెల్లారేసరికి వెళ్ళిపోతారు, తర్వాత మన మాట వినరు.

వరద రోజులు మాత్రం వేరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక వచ్చిన సాయంత్రమే మెట్ల మీద పడుకునేవాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళాలి. ఆ రాత్రి షెల్టర్‌లో మంచాలు చాలవు. చాపలు, పొడి దుప్పట్లు ముందే లెక్క చూసి పెట్టుకోండి.

మతిస్థిమితం లేకుండా తిరుగుతున్న మనిషి కనిపిస్తే మీరు పట్టుకోవాలని చూడకండి, 112కి ఫోన్ చేయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటివాళ్ళని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ వైద్యశాలకి చేర్చే బాధ్యత పోలీసులది. లాకప్‌లో పెట్టకూడదు. పిల్లలు ఒంటరిగా కనిపిస్తే 1098. దిక్కులేని పెద్దవాళ్ళ గురించి 14567.

పని సరిగ్గా జరుగుతోందా, ఎలా తెలుస్తుంది?

పెట్టిన పళ్ళేల లెక్క చూసుకోకండి, దాంతో ఏమీ తెలియదు. నేను చూసేవి ఇవి. భోజనాలయ్యాక చెత్త బక్కెట్టు: అన్నం ఎక్కువ పడితే కూర బాగాలేదు, లేదా సాయంత్రం ఇంకెవరో వచ్చి పెట్టి వెళ్ళారు. మర్నాడు ఉదయం కేర్‌టేకర్‌కి ఒక ఫోను: రాత్రి ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయ్యాయా? నెలాఖరున నోట్‌బుక్ చూసుకుని, చూడకుండా ఎన్ని పేర్లు చెప్పగలనో లెక్కపెట్టుకుంటాను. పదికి తక్కువైతే నేను వడ్డించి వచ్చేస్తున్నానన్నమాట, కూర్చోవడం లేదు. ఆధార్ మొదలుపెట్టినవి ఎన్ని, చేతికొచ్చినవి ఎన్ని అన్నది కూడా అదే నోట్‌బుక్‌లో ఉంటుంది, ఆ రెండు అంకెల మధ్య తేడా చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంకొకటి ఉంది, కాస్త మనసుకి కష్టంగా ఉంటుంది. మొన్న జ్వరమొచ్చి రెండు మంగళవారాలు వెళ్ళలేకపోయాను. మూడో వారం వెళ్ళేసరికి, ఆ నల్ల కవరు పెద్దాయన నడుముకి తువ్వాలు చుట్టుకుని చారు గిన్నె పట్టుకుని ఉన్నారు. గరిటె అందుకోబోతే ఇవ్వలేదు. "మీరు అటు అన్నం చూడండమ్మా, చారు నాది" అన్నారు. మీకూ ఇలా జరిగితే గరిటె లాక్కోకండి. అన్నం వైపు వెళ్ళండి.